పందెం బరి, వెండితెర, స్మాల్‌క్యాప్: గోదావరి డెల్టాలో జనం మూడ్‌ను కొలవడం (2017–18 కేస్ స్టడీ)

2016 డిసెంబరు 26న 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 7,908 దగ్గర ముగిసింది. పెద్దనోట్లు రద్దయి అప్పటికి ఏడు వారాలు. సార్వా ధాన్యం అమ్మిన రైతుకు సొమ్ము నగదుగా చేతికి రావడం గగనంగా ఉంది. పేపరు చదివి మదుపు చేసేవాడికి అది అమ్ముకుని బయటపడాల్సిన సమయంగా కనిపించింది. సూచీ మాత్రం అక్కడి నుంచే లేచి 2018 జనవరి 29కి 11,130 చేరింది. 41 శాతం పెరుగుదల. ఆ తర్వాత స్మాల్‌క్యాప్ షేర్లు, అంటే చిన్న కంపెనీలవి, రెండేళ్లకు పైగా కోలుకోలేదు.

ఈ పదమూడు నెలలు గోదావరి డెల్టాకు ప్రత్యేకమైనవి. కాకినాడ కేంద్రంగా ఉన్న రొయ్యల ఎగుమతి సంస్థ ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ 2017 ఆగస్టులో 175 రూపాయల ధరకు పబ్లిక్ ఇష్యూకి (ఐపీఓ: జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) వచ్చింది. సెప్టెంబరు 4న ఎక్స్ఛేంజీలో లిస్టయి, కొద్ది నెలల్లోనే ఇష్యూ ధరకు నాలుగు రెట్లు దాటింది. కొవ్వూరులో రొయ్యల మేత ఫ్యాక్టరీలున్న అవంతి ఫీడ్స్ షేరు 2017లో నాలుగు రెట్లకు పైగా పెరిగింది. రెండూ 2017 చివరికీ 2018 మొదటికీ మధ్య శిఖరం చూసి దిగాయి. చెరువు గట్టు మీద రొయ్య ధర కుప్పకూలింది ఆ తర్వాత, 2018 వేసవిలో. షేరు ముందు, రొయ్య తర్వాత. ఈ వరుసకు కారణం ఏమిటి? ఇందులో జనం మూడ్ పాలు ఎంత, లాభాల పాలు ఎంత? అదే కాలంలో డెల్టా పండగల్లో, సినిమాల్లో, భూమి లావాదేవీల్లో కనిపించిన ఊపును ముందే చదివే వీలుందా? ఈ కేసులో చూసింది ఇదే.

ఇలా మూడ్‌ను చదవడానికి మూల సూత్రాన్ని అమెరికా విశ్లేషకుడు రాబర్ట్ ప్రెక్టర్ 1985లో ప్రచారంలోకి తెచ్చాడు. ఒక సమాజంలో ఉత్సాహం, భయం అలలుగా వస్తాయి; ఆ అలే షేర్ల ధరల్లోనూ, పాటల్లో, సినిమాల్లో, బట్టల్లోనూ ఒకేసారి బయటపడుతుంది. షేరు కొనడానికి నిమిషం చాలు కాబట్టి మార్కెట్ అందరికంటే ముందు కదులుతుంది. సినిమా తీయడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది కాబట్టి అది ఆలస్యంగా చెబుతుంది. ఇంతవరకు అభ్యంతరం లేదు. సంఘటనలు మూడ్‌ను మార్చవు, మూడే సంఘటనలను పుట్టిస్తుంది అని ఆయన ఇంకో అడుగు వేస్తాడు. ఆ మాటను డెల్టాలో యథాతథంగా తీసుకుంటే దెబ్బ తింటాం. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ జనం మూడ్ చూసి చెరువులోకి రాదు.

కొలతలతో వచ్చిన పరిశోధనలు ఇంతకంటే జాగ్రత్తగా మాట్లాడతాయి. అలెక్స్ ఎడ్మన్స్, సహ పరిశోధకులు 2007లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ నాకౌట్ ఓటములను పరిశీలించారు. ఓడిన దేశపు సూచీ మర్నాడు సగటున 0.49 శాతం అదనంగా పడింది. 2022లో ఎడ్మన్స్ మరో బృందంతో కలిసి 40 దేశాల్లో స్పాటిఫైలో జనం విన్న పాటల హుషారును కొలిచారు. పాటలు హుషారుగా ఉన్న వారంలో మార్కెట్ పెరిగింది, మరుసటి వారం అందులో కొంత వెనక్కి పోయింది. పని చేసేవాడికి ఈ రెండో సగమే ముఖ్యం. జనం ఉత్సాహం ధరలో అప్పటికే చేరిపోయి ఉంటుంది, దాన్ని చూసి కొంటే ఆలస్యంగా కొన్నట్టే.

పట్టీ తయారీ

ఒక ప్రాంతపు మూడ్‌ను నెలనెలా పట్టీగా రాసుకోవడానికి 12 అంశాలు, అంటే 12 గడులు, సరిపోతాయి. ఒక్కోదానికి -2 నుంచి +2 వరకు మార్కు. ఇద్దరు విడివిడిగా వేయాలి, వేసేటప్పుడు నిఫ్టీ చార్టు ముందు ఉండకూడదు. చార్టు చూస్తూ వేసిన మార్కు చార్టునే తిరిగి చెబుతుంది. ఇద్దరి మధ్య తేడా ఒకటి దాటితే సగటు తీయకుండా రెండూ రాసిపెట్టి, కారణం పక్కన రాయాలి. సమాచారం దొరకని గడిని ఖాళీగా వదలాలి. దాన్ని సున్నాగా లెక్కిస్తే సగటు లేని శాంతిని చూపిస్తుంది. 12లో కనీసం 5 గడులు నిండకపోతే ఆ నెల సగటు వాడకూడదు.

అంశాలను వేగాన్ని బట్టి మూడు వరసలుగా విడదీయాలి. రోజుల్లో మారేవి: ఐపీఓకు ఎన్ని రెట్ల దరఖాస్తులు వచ్చాయన్నది, లిస్టింగ్ రోజు లాభం, నిఫ్టీతో పోలిస్తే చిన్న కంపెనీల సూచీ స్మాల్‌క్యాప్ 100 కదలిక, క్రికెట్ ఓటమి మర్నాటి మార్కెట్ స్పందన. వారాలు, నెలల్లో మారేవి: సినిమా నిలబడిన తీరు, ఫ్లెక్సీల సైజూ మాటల ధోరణీ, జాతర రికార్డింగ్ డ్యాన్సుల హంగు, పెళ్లి వేడుకల రోజుల సంఖ్య. ఏడాదికోసారి మారేవి: సంక్రాంతి బరుల విస్తీర్ణం, రొయ్యల చెరువు ఎకరం లీజు, లేఅవుట్ వెంచర్ల ప్రకటనలు, స్థానికంగా పేరున్న షేర్ల పీఈ (ఒక షేరు లాభానికి ధర ఎన్ని రెట్లు ఉందన్నది). మొదటి వరసను మూడు నెలల సగటుగా చదవాలి. మూడో వరసను పోయిన నెలతో పోల్చకూడదు, పోయిన ఏడాది అదే పండగతో పోల్చాలి.  రుతువు తేడాను మూడ్ తేడా అనుకుంటే పట్టీ మొత్తం పాడవుతుంది.

సినిమా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మొదట పట్టుకునేది దాన్నే. తెలుగు సినిమా వ్యాపారం ఈస్ట్, వెస్ట్ అని పాత రెండు గోదావరి జిల్లాలను విడి ఏరియాలుగా లెక్కిస్తుంది కాబట్టి డెల్టాకు విడి అంకెలు వినిపిస్తాయి. వాటిని చెప్పేది సినిమా మీద డబ్బు పెట్టినవాళ్లో, అభిమానులో. రూపాయల్లో కొలవడం మరో చిక్కు: 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీఓ 35తో టికెట్ ధరలకు కళ్లెం వేసింది, 2022 మార్చిలో సవరించింది. ఆ ఏడాది వసూళ్లలో పంపిణీదారు వాటా తగ్గితే అది జీఓ పని. అందువల్ల చూడాల్సింది రెండో సోమవారం. మొదటి వారాంతం ప్రచారానిది, అభిమానులది. రెండో సోమవారం మ్యాట్నీకి భీమవరం, అమలాపురం, తణుకు హాళ్లు ఎంత నిండాయన్నది మామూలు ప్రేక్షకుడి మనసు చెబుతుంది.

ఒక్క సినిమా మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో బాహుబలి రెండు భాగాలూ చూపిస్తాయి. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది, ప్రపంచవ్యాప్తంగా 1,000 కోట్ల వసూళ్లు దాటిన మొదటి భారతీయ చిత్రమైంది. మార్కెట్ కూడా పెరుగుతోంది. సిద్ధాంతానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదనిపిస్తుంది. కానీ మొదటి భాగం 2015 జులై 10న వచ్చి అంతే సంబరం తెచ్చింది. అప్పుడు నిఫ్టీ మార్చి శిఖరం దాటి దిగే దారిలో ఉంది, 2016 ఫిబ్రవరి 29 నాటికి 6,987కి పడింది. అదే కథ, అదే జనం, ఎదురు దిశలో మార్కెట్. కాబట్టి సినిమాకు 12లో ఒక గడి మించి ఇవ్వకూడదు.

డెల్టాలో పట్టీని పాడుచేసేవి

ఇతర ప్రాంతాల పద్ధతిని తెచ్చి గోదావరి జిల్లాల్లో పరిస్తే మొదట అడ్డొచ్చేది పంట డబ్బు. ఇక్కడ జనం ఖర్చు మూడ్‌కంటే ముందు కౌంట్ ధరను (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి పలికే రేటు) అనుసరిస్తుంది. వనామీ రకం రొయ్య పట్టుబడి బాగా పడి ధర పలికిన ఏడు పెళ్లిళ్లు ఘనంగా జరుగుతాయి, కొత్త కార్లు దిగుతాయి, ఫ్లెక్సీలు పెద్దవవుతాయి. అది ఆదాయం. చేతిలో డబ్బు లేకపోయినా అప్పు చేసి ఖర్చు పెట్టడం, డబ్బున్నా పెట్టకుండా దాచుకోవడం: మూడ్ అనదగ్గవి ఈ రెండే.

విడదీయడానికి పట్టీ పక్కనే మరో కాగితం పెట్టాలి. అందులో నెలనెలా 30 కౌంట్, 100 కౌంట్ రొయ్య ధర, 75 కిలోల ధాన్యం బస్తా ధర, అంబాజీపేట కొబ్బరి ధర. ధాన్యానికి మద్దతు ధరను బస్తాలోకి మార్చుకుని రాయాలి: 2017–18లో సాధారణ రకం క్వింటాలు 1,550 రూపాయలు, అంటే బస్తా 1,162.50. గట్టు మీద వ్యాపారి ఇచ్చేది దీనికి ఎంత తక్కువో ఆ తేడా కూడా రాయాలి. స్థానిక ఖర్చుకు సంబంధించిన అంశానికి ప్లస్ మార్కు వచ్చి, అదే సమయంలో పంట ధరలు కూడా పెరిగి ఉంటే ఆ అంశానికి సగం బరువే ఇవ్వాలి, అంటే దాని మార్కును సగం చేసి, సగటులో దాన్ని సగం గడిగానే లెక్కించాలి. పంట ధరలు పడుతుంటే ఖర్చు పెరగడం నిజమైన మూడ్ సంకేతం, దానికి పూర్తి బరువు.

ఎదురు ఉదాహరణ 2011. ఆ సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం (నాట్లు వేయకుండా ఆపడం) ప్రకటించారు. సెన్సెక్స్ ఆ ఏడాది దాదాపు పావు వంతు పడింది. రెంటినీ పక్కన పెట్టి ‘నిరాశ అల’ అని రాసేయడం తేలిక. కానీ పంట విరామానికి కారణాలు లెక్క తేలేవి: గిట్టని ధర, పెరిగిన కూలి, పూడిపోయిన డ్రెయిన్లలో మునిగే చేలు. రైతు లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయాన్ని మనోస్థితి ఖాతాలో రాయడం ఆ రైతుకు అన్యాయం, పట్టీకీ నష్టం.

కోడి పందేలది ఇంకో రకం చిక్కు. భీమవరం, ఉండి, ఆకివీడు, ఐ.పోలవరం వైపు భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరుల దగ్గర చేరే డబ్బులో హైదరాబాద్ నుంచి, విదేశాల నుంచి వచ్చినది కూడా ఉంటుంది. అంటే అది ఒక్క డెల్టా మూడ్ కాదు; పెద్ద ప్రాంతపు మూడ్ ఇక్కడికి వచ్చి కనపడుతోంది. అందుకే దాన్ని వదలకూడదు కూడా. పందెం చట్టవిరుద్ధం: 1974 రాష్ట్ర గేమింగ్ చట్టం, 1960 జంతు హింస నివారణ చట్టం రెండూ వర్తిస్తాయి. పట్టీ కోసం బరి దగ్గరకు పోనక్కర్లేదు, పత్రికల జిల్లా పేజీలు చాలు. ‘వందల కోట్లు చేతులు మారాయి’ అనే అంకెను మాత్రం రాసుకోవద్దు, దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కకు అందేవి వేరే ఉన్నాయి: ఎన్ని మండలాల్లో బరులు పేరుతో వచ్చాయి, ఫ్లడ్‌లైట్లు పెట్టి రాత్రి ఆడించారా, ఎల్‌ఈడీ తెరలు పెట్టారా, గెలిచినవాడికి బహుమతి ఏమిటి, నాలుగో రోజుకు సాగిందా, కోర్టు ఉత్తర్వు ఉన్న ఏడు ఎంత తగ్గాయి.

అదే కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. మార్కెట్ ఎలా ఉన్నా పదకొండే. రూపం స్థిరంగా ఉన్న సంప్రదాయంలో సంకేతం ఉండదు. జనం తమ ఇష్టం కొద్దీ పెంచగలిగిన, తగ్గించగలిగిన చోటే ఉంటుంది. పట్టీలోకి ఏ అంశం తేవాలో తేల్చుకోవడానికి ఇదే జల్లెడ.

2018 జనవరి మార్కులు

వెనక్కి తిరిగి వేసే మార్కులకు ఫలితం తెలిసిన దోషం తప్పదు. అందుకే బహిరంగ రికార్డు ఉన్న వాటికే ఆరు మార్కులు వేశాం. ఫ్లెక్సీలు, లీజులు, పెళ్లిళ్ల వంటి వాటికి ఆనాటి నమ్మదగిన నమోదు లేదు, ఖాళీగా వదిలాం.

ఐపీఓల రెండు గడులకు కలిపి ఒకే మార్కు, +2. 2017 మార్చిలో అవెన్యూ సూపర్‌మార్ట్స్ (డీమార్ట్) 299 రూపాయల ఇష్యూ ధర నుంచి మొదటి రోజే రెట్టింపు దాటింది. జులైలో సలాసర్ టెక్నో ఇంజినీరింగ్ ఇష్యూకు 273 రెట్ల దరఖాస్తులు వచ్చాయి. స్మాల్‌క్యాప్‌కు +2: 2017లో నిఫ్టీ 28.6 శాతం పెరిగితే స్మాల్‌క్యాప్ 100 అంతకు దాదాపు రెట్టింపు పెరిగింది. సినిమాకు +1, ఏప్రిల్ నాటి ఊపు కాబట్టి జనవరికి పూర్తి మార్కు ఇవ్వలేం. క్రికెట్‌కు +1. 2017 జూన్ 18న చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 180 పరుగుల తేడాతో ఓడితే మర్నాడు నిఫ్టీ 9,588 నుంచి 9,658కి పెరిగింది. అంతటి ఓటమిని మార్కెట్ పట్టించుకోకపోవడమే సంకేతం. సంక్రాంతికి +1: 2016 డిసెంబరులో హైకోర్టు పందేలు ఆపమన్నా 2017లోనూ 2018లోనూ బరులు ఆగలేదు. దీనికి పంట డబ్బు కారణంగా సగం బరువు.

ఆరోది పీఈ, దీనికి +2. ఈ కేసులో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే. షేరు ధర అంటే ఒక షేరుకు వచ్చే లాభాన్ని పీఈతో గుణించినది. అవంతి ఫీడ్స్ లాభం 2017–18లో సుమారు రెట్టింపైంది. అది ఊహ కాదు, సోయా చెక్క చౌకగా దొరికి మేత తయారీలో మార్జిన్ పెరిగింది. ధర మాత్రం నాలుగు రెట్లు దాటింది. నాలుగును రెండుతో భాగిస్తే రెండు మిగులుతుంది. ఆ మిగిలిన రెండు రెట్లూ, పైన ఇంకొంత, ఫ్యాక్టరీలో పుట్టలేదు. అదే లాభానికి జనం రెట్టింపు ధర ఇవ్వడానికి సిద్ధపడటం వల్ల వచ్చింది. మూడ్‌ను రూపాయల్లో చూడాలంటే ఈ భాగహారం చేయాలి. లాభం పెరుగుతుండగా పీఈ కూడా పెరిగే షేరుకు ప్రమాదం జంటగా ఉంటుంది: సోయా ధర పెరిగి లాభం తగ్గిన రోజున పీఈ కూడా తగ్గుతుంది, రెండు తగ్గుదలలూ గుణింతమై ధర మీద పడతాయి. 2018లో ఈ రెండు షేర్లకూ పట్టిన గతి అదే. ఎపెక్స్ ఆ ఏడాది చివరికి శిఖరం నుంచి సగానికి పైగా పోగొట్టుకుంది.

మార్కుల మొత్తం: 2 + 2 + 1 + 1 + 0.5 + 2 = 8.5. బరువుల మొత్తం 5.5. భాగిస్తే సగటు సుమారు 1.5. మా పద్ధతిలో 1.3 దాటితే అతి, అంటే ఉత్సాహం హద్దు దాటినట్టు.

ఆ హెచ్చరిక ఎక్కడ ఫలించింది? స్మాల్‌క్యాప్ 100 సూచీ 2018లో సుమారు 29 శాతం పడింది. నిఫ్టీ అదే ఏడాది 3 శాతం పెరిగింది, 2020 జనవరి 14న 12,362 దాకా పోయింది. జనవరి సంకేతం చూసి నిఫ్టీ ఫండ్ అమ్ముకున్నవాడు పొరబడ్డాడు. అప్పు తెచ్చి చిన్న షేర్లు కొనకుండా ఆగినవాడు గట్టెక్కాడు. చిల్లర మదుపరుల ఉత్సాహం చిన్న షేర్లలో నివసిస్తుంది, పెద్ద సూచీలో విదేశీ సంస్థలు, మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకుల లాభాలు కలిసి ఉంటాయి. 2018 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో లక్ష దాటిన దీర్ఘకాలిక లాభంపై 10 శాతం పన్ను వచ్చింది. పతనానికి అదే కారణమని అప్పట్లో అందరూ అన్నారు. పన్ను పెద్దా చిన్నా షేర్లన్నిటికీ ఒకటే. పడింది మాత్రం అతిగా ఉబ్బినవి.

అయితే అతి అని తేలిన నెల ఏం చేయాలి? షేర్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఉంటే మొదట అది తీర్చాలి. చెరువు పెట్టుబడి కోసం దాచిన డబ్బుతో ఐపీఓ దరఖాస్తు వేయకూడదు. మేత బాకీకి గడువు వచ్చేసరికి డబ్బు ఇరుక్కుపోతుంది. రొయ్యల సాగు ఉన్న కుటుంబం రొయ్యల కంపెనీ షేర్లను పోర్ట్‌ఫోలియోలో 5 శాతం దాటనివ్వకూడదు. చెరువు, షేరు ఒకే ఏడు మునుగుతాయి. ఇది అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు, ‘మనకు తెలిసిన వ్యాపారం’ అన్న ధైర్యంతో జరుగుతుంది. నెలవారీ సిప్‌ను (ప్రతి నెలా ఫండ్‌లో వేసే స్థిర మొత్తం) ఆపనక్కర్లేదు. ఈక్విటీ వాటా ముందు అనుకున్న శాతం కంటే 10 పాయింట్లు పెరిగి ఉంటే, పెరిగిన మేరకు తీసి డిపాజిట్‌లోకి మార్చాలి. మూడ్ పట్టీ చూసి ఆప్షన్లు (ధర ఎటు కదులుతుందో గడువు పెట్టి కట్టే ఒప్పందాలు) ఆడటం మాత్రం పనికిరాదు: పట్టీ నెలల్లో మాట్లాడుతుంది, ఆప్షన్ వారానికి చస్తుంది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో తేల్చింది.

2020 తర్వాతి కాలానికి ఇదే పట్టీలో కొన్ని గడులు మార్చాలి. 2022 నుంచి పాత హిట్ సినిమాల రీ-రిలీజులు హాళ్లు నింపాయి. కథ తెలిసిన సినిమాకు మళ్లీ డబ్బిచ్చి వెళ్లడం ఆలస్యం లేని సంకేతం, కాబట్టి కొత్త సినిమా గడి స్థానంలో దాన్ని పెట్టవచ్చు. అల్లుడి సంక్రాంతి విస్తరి కూడా ఈ కాలానిదే: 2022లో నరసాపురంలో 365 రకాలు, 2023లో భీమవరంలో 173 రకాలు వార్తలయ్యాయి. దీనికి పోటీ అనుకరణ దోషం ఉంది. ఒక వీడియో పాకితే పది ఇళ్లలో అదే జరుగుతుంది. అందుకే రకాల సంఖ్యకు మార్కు వేయకుండా, కొత్త ఊళ్ల నుంచి వార్తలు వచ్చాయా అన్నదే చూడాలి. ఐపీఓ గడిలో ఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) ఇష్యూలను విడిగా రాయాలి. 2024 ఆగస్టులో ఢిల్లీలో రెండు బైకు షోరూములున్న సంస్థ 12 కోట్ల ఇష్యూకు సుమారు 4,800 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. నెల తిరగ్గానే, సెప్టెంబరు 26న నిఫ్టీ 26,216 దగ్గర ముగిసింది. 2025 మార్చి 4కి 22,082. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల ఇష్యూ 1,960 రూపాయల ధరకంటే తక్కువకు లిస్టయింది. మూడ్ తిరిగిందని మొదట చెప్పేవి ఇలాంటి లిస్టింగులే.

2025 ఏప్రిల్ 2న అమెరికా భారత సరుకుపై 26 శాతం సుంకం ప్రకటించగానే రొయ్యల షేర్లు పడిన తీరును ఈ పట్టీలోకి తేకూడదు. అప్పటికి భారత రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. అక్కడ సుంకం పెరిగితే భీమవరంలో కౌంట్ ధర తగ్గడం లెక్క ప్రకారం జరిగేదే. ఆ వారం కదలికను పక్క కాగితంలో ధరల వరసలో రాసి, స్థానిక ఖర్చు గడులు మూడు నెలల తర్వాత ఎటు కదిలాయో అప్పుడు పోల్చాలి. ధర పడ్డా లీజు తగ్గకపోతే ప్లస్, ధర కోలుకున్నా లీజుకు ఎవరూ రాకపోతే మైనస్.